సముద్రపు అర్చిన్ పిండంలో ఏ కణం ఏమవుతుందో ఎలా నిర్ణయమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో జంతుశాస్త్రం చదివే విద్యార్థులు సముద్రపు అర్చిన్ (ఒళ్ళంతా ముళ్ళున్న గుండ్రని సముద్ర జంతువు) పిండాభివృద్ధి పాఠం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాము. ఇంటర్మీడియట్ స్థాయి జీవశాస్త్రం తెలిస్తే చాలు, విషయం అర్థమవుతుంది. ఒక్కో సమాధానానికి దాని ముందున్నది ఆధారం కాబట్టి మొదటిసారి చదివేవారు వరుస తప్పకుండా చదవడం మంచిది.

సముద్రతీరమే లేని చిత్తూరులో కూర్చొని ఈ జీవి గురించి ఎందుకు చదవాలి?

చిత్తూరు జిల్లాకు తీరం లేదన్నది నిజమే. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు మాత్రం పులికాట్ సరస్సు, తూపిలిపాళెం వైపు తీరం ఉంది. కానీ ఈ జీవిని చదవడానికి కారణం అది మనకు దగ్గరగా దొరకడం కాదు. ఫలదీకరణ చెందిన ఒకే ఒక కణం నుంచి పేగు, కంటికలు (అస్థిపంజరంలోని సన్నని ఖనిజ కడ్డీలు), వర్ణకణాలు, నాడీకణాలు ఎలా వేరుపడతాయో జన్యువు తరువాత జన్యువుగా, గంట తరువాత గంటగా వివరించగలిగిన జంతువులు చాలా తక్కువ, వాటిలో ముందువరుసలో నిలిచేది సముద్రపు అర్చిన్. కప్ప, కోడి పిండాల్లో మనం ఆకారాల మార్పును చూస్తాము. ఆ మార్పు వెనుక ఉన్న తర్కాన్ని చూడాలంటే ఈ పిండం దగ్గరికి రావలసిందే. పోటీ పరీక్షల్లో దీనిపై ప్రశ్నలు వస్తాయన్నది రెండో కారణం, అయితే విద్యార్థులు దాన్నే మొదటి కారణంగా చెబుతారు.

అన్ని కణాల్లోనూ ఒకే డీఎన్ఏ ఉన్నప్పుడు తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి, కానీ ప్రతి కణంలోనూ అన్నీ పనిచేయవు. ప్రోటీన్ తయారీకి కావలసిన సమాచారంతో పాటు ప్రతి జన్యువుకూ దగ్గరలోనో కొంత దూరంలోనో ఒక నియంత్రణ ప్రాంతం ఉంటుంది. అనులేఖన కారకాలు అనే ప్రోటీన్లు ఆ ప్రాంతంలోని చిన్న చిన్న క్షార వరుసలను గుర్తించి అక్కడ అతుక్కుంటాయి. వాటిలో కొన్ని ఆ జన్యువు నుంచి ఎంఆర్ఎన్ఏ తయారయ్యేలా ప్రోత్సహిస్తాయి, మరికొన్ని అడ్డుకుంటాయి. ఏ క్షణంలో ఏ కారకాలు ఏ మోతాదులో ఉన్నాయన్నదాన్ని బట్టి ఆ జన్యువు పనిచేయాలా వద్దా అన్నది తేలుతుంది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. అనులేఖన కారకం కూడా ఒక ప్రోటీనే, అంటే దానికీ ఒక జన్యువు ఉంది, ఆ జన్యువుకు మళ్ళీ ఒక నియంత్రణ ప్రాంతం ఉంది, దానిమీద అతుక్కునే కారకాలు మరికొన్ని ఉన్నాయి. ఇలా ఒక నియంత్రక జన్యువు ఇంకొకదాన్ని, అది వేరొకదాన్ని ప్రభావితం చేస్తూ పోతే ఏర్పడేదే జన్యు నియంత్రణ జాలం. ఉన్నత జీవుల జన్యువులు ఇలాంటి ఏర్పాటుతోనే పనిచేస్తాయని రాయ్ బ్రిటెన్, ఎరిక్ డేవిడ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1969లోనే ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఏ జంతువు జన్యువు నియంత్రణ ప్రాంతాన్నీ చదివే సాధనం అప్పటికి లేదు. మూడు దశాబ్దాల తరువాత, 2002లో, డేవిడ్సన్ బృందం సముద్రపు అర్చిన్ పిండంలో అంతస్త్వచం (పేగు అయ్యే లోపలి పొర), మధ్యస్త్వచం (నడిమి పొర) ఏర్పడటాన్ని వివరించే 40కి పైగా జన్యువుల జాలాన్ని ప్రచురించింది.

పరిశోధకులు ఈ జీవినే ఎందుకు ఎంచుకున్నారు?

అండాలు గాజులా పారదర్శకంగా ఉంటాయి కాబట్టి బతికున్న పిండం లోపల జరిగేదంతా సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఎక్కిస్తే ఆడ జీవి లక్షల సంఖ్యలో అండాలు విడుదల చేస్తుంది, మగ జీవి శుక్రకణాలు విడుదల చేస్తుంది. రెండింటినీ సముద్రపు నీటిలో కలిపితే ఫలదీకరణ గిన్నెలోనే జరిగిపోయి, ఆ లక్షల పిండాలూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతాయి.

ఈ సౌలభ్యం 19వ శతాబ్దంలోనే తెలుసు. అండకేంద్రకం, శుక్రకేంద్రకం కలవడాన్ని ఆస్కార్ హెర్ట్‌విగ్ 1876లో ఈ అండాల్లోనే వర్ణించాడు. ఒకే అండంలోకి రెండు శుక్రకణాలు ప్రవేశించినప్పుడు క్రోమోజోములు అడ్డదిడ్డంగా పంచుకోబడి పిండం చెడిపోవడాన్ని గమనించిన థియోడర్ బొవేరి, ఒక్కో క్రోమోజోముకూ దానిదైన పాత్ర ఉందని 1902లో వాదించాడు. కణవిభజనను నడిపే సైక్లిన్లను టిమ్ హంట్ 1982లో అర్బేసియా అనే సముద్రపు అర్చిన్ అండాల్లో కనుగొని, 2001లో నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో కలిసి అందుకున్నాడు. జన్యు జాలాల పరిశోధన ఎక్కువగా జరిగింది మాత్రం కాలిఫోర్నియా తీరంలో దొరికే ఊదారంగు జాతి, స్ట్రాంగైలోసెంట్రోటస్ పర్పురేటస్ మీద. దాని జన్యుసముదాయాన్ని 2006లో ప్రచురించారు. అందులో సుమారు 81.4 కోట్ల క్షార జతలు, సుమారు 23,300 జన్యువులు ఉన్నట్లు తేలింది.

కణం ఏమవుతుందో మొదటి నుంచే ఖాయమై ఉంటుందా?

కొన్ని కణాలకు చాలా ముందుగానే ఖాయమవుతుంది, చాలా కణాలకు మాత్రం పొరుగును బట్టి తేలుతుంది. ఈ రెండు రకాలూ ఒకే పిండంలో పక్కపక్కన ఉండటమే ఈ పాఠంలోని అసలు ఆకర్షణ అని మా అభిప్రాయం.

1891లో హాన్స్ డ్రీష్ రెండు కణాల దశలో ఉన్న పిండాన్ని సముద్రపు నీటిలో కుదిపి కణాలను విడదీశాడు. సగం కణం నుంచి సగం డింభకం వస్తుందని అప్పటివారు భావించేవారు. కానీ ఒక్కో కణం నుంచీ పరిమాణంలో చిన్నదైనా సంపూర్ణమైన డింభకం వచ్చింది. అంటే సాధారణ పరిస్థితుల్లో తాను అయ్యే దానికన్నా ఎక్కువ అవగల సామర్థ్యం ఆ కణానికి ఉందన్నమాట.

అయితే 1930లలో స్వీడన్ శాస్త్రవేత్త స్వెన్ హోర్‌స్టాడియస్ సన్నని గాజుసూదులతో చేసిన ప్రయోగాలు ఈ చిత్రానికి మరో వైపును చూపించాయి. ఎనిమిది కణాల దశలో పిండాన్ని అడ్డంగా కోసి పై సగాన్ని, అంటే జాంతవ ధ్రువం వైపు సగాన్ని విడిగా పెంచితే పేగు లేని, శైలికలు మాత్రమే ఉన్న బంతి తయారైంది. కింది సగం మాత్రం, లోపాలున్నా, పేగు ఉన్న డింభకంగా పెరిగింది. నిలువుగా కోస్తే రెండు భాగాలూ బాగానే పెరుగుతాయి, అడ్డంగా కోస్తే పెరగవు. కాబట్టి అండంలో పై నుంచి కిందికి, అంటే జాంతవ ధ్రువం నుంచి శాకీయ ధ్రువానికి, విభజన మొదలుకాకముందే ఏదో తేడా ఉండి తీరాలి.

ఆ మొదటి తేడా ఏమిటి?

అది తల్లి నుంచి వస్తుంది. అండం తయారయ్యేటప్పుడే తల్లి శరీరం దానిలో అనేక ఎంఆర్ఎన్ఏలను, ప్రోటీన్లను నింపుతుంది. వాటిలో డిషెవెల్డ్ అనే ప్రోటీన్ శాకీయ ధ్రువం దగ్గరి అంచున పోగవుతుంది. అది ఉన్నచోట బీటా-కెటెనిన్ అనే మరో ప్రోటీన్ నాశనం కాకుండా నిలిచి, విభజనలు జరుగుతున్న కొద్దీ శాకీయ వైపు కణాల కేంద్రకాల్లోకి చేరుతుంది. పై వైపు కణాల్లో జీఎస్‌కే3 అనే ఎంజైమ్ చర్యవల్ల అది ఎప్పటికప్పుడు నాశనమవుతూ ఉంటుంది. కేంద్రకంలోకి వెళ్ళిన బీటా-కెటెనిన్, టీసీఎఫ్ అనే అనులేఖన కారకంతో కలిసి జన్యువులను మేల్కొలుపుతుంది. టీసీఎఫ్ తన భాగస్వామి లేనప్పుడు అవే జన్యువులను అణచివేస్తుందన్నది గమనించదగిన విషయం. ఒకే కారకం భాగస్వామిని బట్టి ఒకచోట అనుమతిగా, ఇంకోచోట నిషేధంగా పనిచేయడం ఈ పిండంలో పదేపదే కనబడుతుంది.

లిథియం లవణం కలిపిన నీటిలో పెంచిన పిండాల్లో పేగు భాగం అతిగా పెరిగి బయటికి పొడుచుకు వస్తుందని కర్ట్ హెర్బ్‌స్ట్ 1890లలోనే గమనించాడు. లిథియం జీఎస్‌కే3 ఎంజైమ్‌ను అడ్డుకుంటుందని చాలా కాలం తరువాత తెలియడంతో, ఒక శతాబ్దం నాటి ఆ వింతకు కారణం దొరికింది. ఎంజైమ్ ఆగితే బీటా-కెటెనిన్ ఎక్కువ కణాల్లో నిలుస్తుంది, దాంతో ఎక్కువ కణాలు శాకీయ వైపు కణాల్లా ప్రవర్తిస్తాయి.

16 కణాల దశకు అంత ప్రాధాన్యం ఎందుకు?

నాలుగో విదళనం (పిండం తొలి దశల్లోని కణవిభజన) సమానంగా జరగదు కనుక. పై వైపు నాలుగు కణాలు సమానంగా విడిపోయి ఎనిమిది మీసోమియర్లు అవుతాయి. కింది వైపు నాలుగు కణాలు మాత్రం అసమానంగా విడిపోయి నాలుగు పెద్ద మాక్రోమియర్లను, అడుగున నాలుగు చిట్టి మైక్రోమియర్లను ఇస్తాయి. ఐదో విదళనంలో ఆ మైక్రోమియర్లు మళ్ళీ అసమానంగా విడిపోతాయి. వాటిలో పెద్దవి నాలుగూ డింభకం అస్థిపంజరాన్ని కట్టే కణాలకు మూలం, చిన్నవి నాలుగూ బీజకణాల వంశానికి మూలం.

మైక్రోమియర్లను విడదీసి గాజుపాత్రలో పెంచినా, తగిన పోషకద్రవం అందితే అవి కంటికలు తయారుచేస్తాయని 1975లో ఒకజాకి చూపించింది. అంటే ఆ కణాల భవితవ్యానికి పొరుగువారి సాయం అవసరం లేదు. అంతేకాదు, మైక్రోమియర్లను తీసి మరో పిండం పై భాగంలో అతికిస్తే, అవి తమ పని తాము చేసుకోవడమే కాక, చర్మంగా మారవలసిన ఆ పొరుగు కణాల చేత పేగును తయారు చేయిస్తాయి. ఇది హోర్‌స్టాడియస్ ప్రయోగాల్లో అతి ముఖ్యమైనది.

మైక్రోమియర్ లోపల ఏ జన్యువులు ఈ నిర్ణయం తీసుకుంటాయి?

ఈ ప్రశ్నకు సమాధానం కొంచెం ఓపికగా చదవాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తడబడతారు.

మైక్రోమియర్ల కేంద్రకాల్లో బీటా-కెటెనిన్‌తో పాటు తల్లి నుంచి వచ్చిన ఓటీఎక్స్ అనే కారకం కూడా చేరుతుంది. ఈ రెండూ కలిసిన చోటే పీమార్1 అనే జన్యువు పనిచేయడం మొదలుపెడుతుంది. పిండమంతటిలో ఆ రెండూ కలిసేది మైక్రోమియర్లలోనే కాబట్టి పీమార్1 కూడా అక్కడే ఉంటుంది. అస్థిపంజర జన్యువులను మేల్కొలిపేది పీమార్1 అయి ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. కానీ పీమార్1 ప్రోటీన్ ఏ జన్యువునూ మేల్కొలపదు, అది అణచివేసే కారకం మాత్రమే.

మరి అది అణచివేసేది దేన్ని? ఆ జన్యువు ఉండి తీరాలని తెలిసినా చాలా కాలం దొరకలేదు. చివరికి 2007లో రెవిల్లా-ఇ-డొమింగో, ఒలివేరి, డేవిడ్సన్ దాన్ని పట్టుకున్నారు. దాని పేరు హెస్‌సీ. అది కూడా అణచివేసే కారకమే. పిండంలోని దాదాపు అన్ని కణాల్లోనూ ఉండి, ఆల్క్స్1, ఎట్స్1, టీబీఆర్, డెల్టా అనే జన్యువులను నోరెత్తనివ్వదు. ఆ నాలుగు జన్యువులను మేల్కొలపగల ఉత్తేజకాలు పిండమంతటా అందుబాటులో ఉన్నా, హెస్‌సీ ఉన్నంతవరకు ఫలితం లేదు. మైక్రోమియర్లలో మాత్రం పీమార్1 వచ్చి హెస్‌సీని ఆపేస్తుంది, దాంతో ఆ నాలుగు జన్యువులూ అక్కడ పనిలోకి దిగుతాయి.

మన చిత్తూరు మామిడి తోటల సంగతి తీసుకోండి. కాపు కాలంలో ప్రతి తోటకూ కావలి ఉంటుంది, లోపలికి పోవాలనుకునేవారు ఊరంతా ఉంటారు. ఒక్క తోటలో కావలివాణ్ణి ఇంటికి పంపేస్తే జనం ఆ తోటలోకే పోతారు. ఇక్కడ కావలి హెస్‌సీ, కావలిని ఇంటికి పంపేది పీమార్1. నిషేధంపై నిషేధం అనుమతితో సమానమవుతుంది కాబట్టి, ఈ ఏర్పాటును పరిశోధకులు రెండు నిషేధాల ద్వారంగా వర్ణిస్తారు.

రుజువులు కూడా ఇంతే స్పష్టంగా ఉన్నాయి. పీమార్1 ఎంఆర్ఎన్ఏను అండంలోకి సూదితో ఎక్కిస్తే హెస్‌సీ అంతటా ఆగిపోయి, పిండం మొత్తం మైక్రోమియర్ సంతతి కణాల్లా మారుతుంది. హెస్‌సీ ప్రోటీన్ తయారుకాకుండా అడ్డుకున్నా అదే ఫలితం వస్తుంది. వ్యతిరేక దిశలో చేసిన రెండు ప్రయోగాలు ఒకే చోటికి చేరాయంటే మధ్యలో ఉన్న తర్కం సరైనదేనని ధైర్యంగా చెప్పవచ్చు.

నేరుగా మేల్కొలపకుండా ఇంత చుట్టుదారి ఎందుకు?

నేరుగా మేల్కొలిపితే కావలసిన చోట జన్యువు పనిచేస్తుంది, కానీ మిగిలిన చోట్ల పనిచేయకూడదన్న హామీ ఏదీ ఉండదు. పిండంలో తప్పు చోట అస్థిపంజరం మొదలవడం, సరైన చోట మొదలవకపోవడం కన్నా చిన్న ప్రమాదమేమీ కాదు. రెండు నిషేధాల ద్వారం ఒకే దెబ్బకు రెండు పనులూ చేస్తుంది. ఇక్కడ తెరుస్తుంది, మిగతా అన్నిచోట్లా మూసి ఉంచుతుంది. కణం భవితవ్యమంటే ఏమి కావాలో చెప్పడం ఒక్కటే కాదు, ఏమి కాకూడదో చెప్పడం కూడా. ఈ పిండంలో ఆ రెండో పనికే ఎక్కువ జన్యువులు వినియోగమవుతున్నాయేమో అనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఉత్తేజకాలకు ఇచ్చినంత చోటు అణచివేతకు ఇవ్వరు, అది సరికాదు.

అయితే దీన్ని వేదవాక్యంగా తీసుకోకూడదు. హెస్‌సీ పూర్తిగా తొలగకముందే మైక్రోమియర్లలో ఆల్క్స్1 మొదలవుతుందని, అందుకు అసమాన విభజన కూడా అవసరమని తరువాతి పరిశోధనలు చూపాయి. చాలా పురాతన శాఖకు చెందిన పెన్సిల్ అర్చిన్లలో ఈ ద్వారం ఇదే రూపంలో కనబడదు. అంటే ఇది ఆధునిక అర్చిన్ల వంశంలో తరువాత కుదిరిన ఏర్పాటు. ద్వారం తలుపులు మారినా, లోపల ఆల్క్స్1 పాత్ర మాత్రం అలాగే నిలిచింది.

ద్వారం తెరుచుకున్నాక అస్థిపంజరం ఎలా వస్తుంది?

ఆల్క్స్1, ఎట్స్1 కలిసి కింది స్థాయి జన్యువులను నడిపిస్తాయి. వాటిలో ఎస్ఎం50, ఎస్ఎం30, ఎంఎస్‌పీ130 వంటివి కంటికల నిర్మాణానికి, ఖనిజీకరణకు చెందిన ప్రోటీన్లను ఇస్తాయి. ఆల్క్స్1ను అడ్డుకుంటే అస్థిపంజరం ఏర్పడదు. ఇదే జాలం కణాలకు కదలికను కూడా ఇస్తుంది. అవి పొర నుంచి విడిపోయి పిండం లోపలి కుహరంలోకి దిగి, వలయంగా చేరి, ఒకదానితో ఒకటి కలిసిపోయి కాల్షియం కార్బనేట్‌ను పేర్చుతాయి. ఆ ఖనిజం మొదట నిర్దిష్ట ఆకారం లేని స్థితిలో ఉండి తరువాత కాల్సైట్‌గా మారుతుంది. ఎక్కడ పేర్చాలన్నది మాత్రం ఆ కణాలు సొంతంగా నిర్ణయించవు. బాహ్యస్త్వచంలోని (పిండం బయటి పొరలోని) కొన్ని చోట్ల నుంచి వచ్చే వీఈజీఎఫ్ సంకేతం వాటికి దారి చూపుతుంది, ఆ సంకేతాన్ని అందుకునే గ్రాహకం ఈ కణాల మీద ఉంటుంది. మనుషుల్లో రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడే సంకేత కుటుంబమే ఇది.

పొరుగు కణాలకు మైక్రోమియర్లు ఏమి చెబుతాయి?

హెస్‌సీ అణచివేసే జన్యువుల్లో డెల్టా ఒకటని పైన చెప్పాము. డెల్టా కణం పైపొర మీద ఉండే ప్రోటీన్, కాబట్టి తాకి ఉన్న కణానికే దాని సంకేతం అందుతుంది. పక్కనున్న మాక్రోమియర్ సంతతి కణాల మీద నాచ్ అనే గ్రాహకం ఉంటుంది. డెల్టా తాకగానే నాచ్‌లోని ఒక ముక్క తెగి కేంద్రకంలోకి వెళ్ళి, అక్కడ అప్పటివరకు అణచివేతకు పనిచేస్తున్న సప్రెసర్ ఆఫ్ హెయిర్‌లెస్ అనే కారకాన్ని ఉత్తేజకంగా మారుస్తుంది. దాంతో జీసీఎం జన్యువు మేల్కొంటుంది. జీసీఎం వల్ల ఆ కణాలు వర్ణకణాలవుతాయి, వాటిలో ఎకినోక్రోమ్ అనే ఎర్రని వర్ణకం తయారవుతుంది. వర్ణకం తయారీకి కావలసిన పీకేఎస్ జన్యువును క్రిస్పర్ అనే జీన్ ఎడిటింగ్ పద్ధతితో చెడగొట్టినప్పుడు రంగులేని డింభకాలు వచ్చాయి. జీన్ ఎడిటింగ్ పనిచేసిందో లేదో కంటితోనే చెప్పగల ఇలాంటి ఉదాహరణలు తరగతి గదికి ఎంతో ఉపయోగపడతాయి.

పేగు ఎలా ఏర్పడుతుంది?

డెల్టా తాకిన కణాలు మధ్యస్త్వచం వైపు వెళితే, దానికి కాస్త దూరంగా ఉన్న సోదర కణాలు అంతస్త్వచం, అంటే పేగు అవుతాయి. వాటిలో ఫాక్స్ఏ, బ్రాక్యూరీ, గాటా-ఈ, ఓటీఎక్స్, బ్లింప్1 అనే జన్యువులు ఒకదాన్నొకటి బలపరుస్తూ పనిచేస్తాయి. ఫాక్స్ఏ పేగు జన్యువులకు తోడ్పడటంతో పాటు జీసీఎం జన్యువును అణచివేస్తుంది. ఫాక్స్ఏను తీసేస్తే పేగు కావలసిన కణాల్లో కొన్ని వర్ణకణాల వైపు మళ్ళుతాయి.

బ్లింప్1 చేసే పని మరీ చమత్కారమైనది. అది డబ్ల్యూఎన్‌టీ8 అనే సంకేత జన్యువును నడిపిస్తుంది, కానీ తన మోతాదు పెరిగేసరికి తన జన్యువునే ఆపేసుకుంటుంది. డబ్ల్యూఎన్‌టీ8 సంకేతం పక్క కణాల్లో బీటా-కెటెనిన్‌ను పెంచి, అక్కడ మళ్ళీ బ్లింప్1ను మొదలుపెడుతుంది. ఫలితంగా శాకీయ ధ్రువం దగ్గర మొదలైన చర్య మధ్యలో ఆరిపోతూ, ఉంగరంలా బయటికి విస్తరిస్తుంది. ఆ ఉంగరం దాటిపోయిన చోట ఒక రకం కణాలు, ఉన్నచోట మరో రకం కణాలు. కాలాన్ని స్థలంగా మార్చడానికి ఇంతకన్నా పొదుపైన ఏర్పాటు మాకు కనబడలేదు.

ఒకే జన్యువు ఇన్ని సంకేతాలను ఎలా లెక్క వేస్తుంది?

దీనికి ఎండో16 కన్నా మంచి ఉదాహరణ లేదు. ఇది పేగు కణాల పైపొరలో ఉండే ఒక ప్రోటీన్‌కు చెందిన జన్యువు. దాని నియంత్రణ ప్రాంతం సుమారు 2,300 క్షార జతల పొడవు ఉంటుంది. దాన్ని A నుంచి G వరకు భాగాలుగా విడదీసి, ఒక్కొక్కదాన్ని మార్చి, ఏమవుతుందో కొలిచిన ఫలితాలను 1998లో యూ, బొలూరి, డేవిడ్సన్ ప్రచురించారు. A భాగం మొదటి దశలో జన్యువును నడిపిస్తుంది, B భాగం తరువాతి దశలో మధ్యపేగులో ఉధృతిని పెంచుతుంది. E, F భాగాలు పక్కనున్న బాహ్యస్త్వచంలోనూ, D, C భాగాలు అస్థిపంజర కణాల్లోనూ జన్యువు పనిచేయకుండా చూస్తాయి. ఈ భాగాలన్నింటి తీర్పులూ A భాగం ద్వారానే జన్యువుకు చేరతాయి. అన్నింటినీ కలిపి చూస్తే అది ‘ఇది ఉంటే, అది లేకపోతే’ అన్న షరతుల పట్టికలా నడుస్తుంది. డీఎన్ఏలో రాసి ఉన్న షరతులే కణం భవితవ్యాన్ని నిర్ణయిస్తాయన్న మాటకు ఇది తిరుగులేని సాక్ష్యం.

నోరు ఎటువైపు రావాలో ఎలా తెలుస్తుంది?

అది మరో అక్షం, దానికి నోడల్ అనే సంకేత జన్యువు ముఖ్యం. నోడల్ బాహ్యస్త్వచంలో ఒక వైపు మాత్రమే పనిచేసి ఆ వైపును నోటి వైపుగా చేస్తుంది. తనను అదుపులో పెట్టే లెఫ్టీ జన్యువును, వ్యతిరేక దిశను తీర్చిదిద్దే బీఎంపీ2/4 జన్యువును కూడా తానే మేల్కొలుపుతుంది. బీఎంపీ2/4 తయారయ్యేది నోటి వైపే అయినా దాని పని ఎదుటి వైపు జరుగుతుంది. నోడల్‌ను ఆపితే డింభకానికి నోరు ఏర్పడదు.

ఒకసారి తీసుకున్న నిర్ణయం మారదా?

మొదట్లో మారుతుంది, తరువాత కష్టమవుతుంది. తొలి సంకేతాలు కొన్ని గంటలే ఉంటాయి. అవి పోయిన తరువాత కూడా కణం తన దారిలోనే నడవాలంటే, లోపలి జన్యువులు ఒకదాన్నొకటి నిలబెట్టుకోవాలి. అస్థిపంజర కణాల్లో ఈఆర్‌జీ, హెక్స్, టీజీఐఎఫ్ అనే జన్యువుల మధ్య అలాంటి వలయం ఉంది. జీసీఎం తనను తానే ఉత్తేజపరచుకుంటుంది. ఈ వలయాలు బిగిసిన తరువాత మొదటి సంకేతం అవసరం ఉండదు.

అయినా పిండం మొండిది. లోపలికి దిగిన అస్థిపంజర కణాలన్నింటినీ సూదితో తీసేస్తే, మామూలుగా అస్థిపంజరం జోలికి వెళ్ళని మధ్యస్త్వచ కణాలు కొన్ని ఆల్క్స్1ను మొదలుపెట్టి ఆ లోటును పూరిస్తాయి. అందులో పీమార్1 పాత్ర లేకుండానే ఇదంతా జరుగుతుంది. అంటే ఒకే గమ్యానికి జాలంలో ఒకటికన్నా ఎక్కువ దారులు ఉన్నాయి.

ఒక జన్యువు మరొకదాన్ని నియంత్రిస్తుందని ఎలా నిర్ధారిస్తారు?

ముందు ఆ జన్యువు ఎప్పుడు, ఏ కణాల్లో పనిచేస్తుందో చూస్తారు. తరువాత మార్ఫోలినో అనే కృత్రిమ అణువును అండంలోకి ఎక్కించి దాని ప్రోటీన్ తయారుకాకుండా ఆపి, మిగిలిన జన్యువుల ఎంఆర్ఎన్ఏ మోతాదులు ఎలా మారాయో కొలుస్తారు. ఇప్పుడు క్రిస్పర్ కూడా వాడుతున్నారు. ఇక్కడితో ఆగితే ప్రభావం నేరుగా ఉందా, మధ్యలో ఇంకో జన్యువు ఉందా అన్నది తేలదు. అందుకే చివరి మెట్టుగా నియంత్రణ ప్రాంతాన్ని వేరుచేసి, దానికి వెలుగునిచ్చే ప్రోటీన్ జన్యువును తగిలించి, కారకం అతుక్కునే వరుసను మాత్రమే మార్చి చూస్తారు. వెలుగు మాయమైతే, లేదా రాకూడని చోట వస్తే, ఆ బంధం నేరుగా ఉన్నదే. జాలం బొమ్మలోని ప్రతి గీతనూ ఈ ప్రశ్నతోనే చదవాలి: ఇది ఏ మెట్టు వరకు రుజువైంది?

ఈ జాలం వేరే జంతువుల్లో కూడా ఇలాగే ఉంటుందా?

కొంత ఉంటుంది, కొంత ఉండదు. సముద్రపు అర్చిన్ లాగే సముద్ర నక్షత్రం కూడా కంటకచర్మియే, అంటే ముళ్ళ చర్మమున్న సముద్ర జంతువుల వర్గానికి చెందినదే. ఈ రెండు వంశాలూ సుమారు 50 కోట్ల సంవత్సరాల క్రితం విడిపోయాయి. అయినా పేగుకు చెందిన గాటా-ఈ, ఓటీఎక్స్, ఫాక్స్ఏ, బ్లింప్1 మధ్య ఉన్న బంధాలు చాలావరకు సముద్ర నక్షత్రంలోనూ ఉన్నాయి. మరోవైపు, సముద్ర నక్షత్రం డింభకానికి అస్థిపంజరమే లేదు, పెద్దదయ్యాకనే వస్తుంది. ఆ పెద్ద జీవి అస్థిపంజరంలో ఆల్క్స్1 పనిచేస్తుంది. కాబట్టి పెద్ద జీవికి చెందిన జాలాన్ని సముద్రపు అర్చిన్ వంశం డింభక దశలోకి ముందుకు లాక్కుందని భావిస్తున్నారు. కంటకచర్ములు వెన్నెముక జీవులకు కీటకాలకన్నా దగ్గరి బంధువులన్నది కూడా మరచిపోకూడదు.

దీన్ని తిరుపతిలో ప్రత్యక్షంగా చూడగలమా?

ఊదారంగు జాతి మన సముద్రాల్లో ఉండదు. దాని పిండాలను సుమారు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచాలి, తిరుపతి వేసవిలో అది ఏసీ గదికి కూడా భారమే. భారత తీరంలోని రాతి ప్రాంతాల్లో స్టోమోప్న్యూస్టిస్ వంటి వేరే జాతులు ఉన్నాయి, అవి వెచ్చని నీటికి అలవాటుపడినవి. కానీ వాటిని పట్టుకొచ్చి ప్రయోగం చేయాలన్న ఉత్సాహానికి ముందు చేయగల పని ఒకటి ఉంది. కంటకచర్ముల జన్యు సమాచారమంతా ఎకినోబేస్ అనే ఉచిత వేదికలో అందరికీ అందుబాటులో ఉంది. ఈ జాలాలను గీయడానికి బయోటాపెస్ట్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో చదివేవారైనా, పలమనేరులో ఇంట్లో కూర్చొని చదివేవారైనా వీటితో మొదలుపెట్టవచ్చు.

పరీక్షలో దీనిపై ఎలాంటి ప్రశ్న వస్తే నిజంగా అర్థమైనట్లు?

‘పీమార్1నూ, హెస్‌సీనీ రెండింటినీ ఒకే పిండంలో ఆపేస్తే ఏమవుతుంది?’ అన్న ప్రశ్నకు తడుముకోకుండా సమాధానం చెప్పగలగాలి. పీమార్1 ఒక్కదాన్నే ఆపితే హెస్‌సీ మైక్రోమియర్లలో కూడా కొనసాగి, అక్కడి జన్యువుల ద్వారం తెరుచుకోదు. హెస్‌సీ ఒక్కదాన్నే ఆపితే ద్వారం అన్ని కణాల్లోనూ తెరుచుకుంటుంది. రెండింటినీ ఆపినప్పుడు, పీమార్1 చేసే పనల్లా హెస్‌సీని ఆపడమే కాబట్టి, హెస్‌సీ లేని పిండంలో పీమార్1 ఉన్నా లేకున్నా ఒకటే. కనుక ఈ తర్కం ప్రకారం ఆల్క్స్1, ఎట్స్1, టీబీఆర్, డెల్టా జన్యువులు పిండమంతటా పనిచేయాలి. జాలంలో కింది మెట్టు మీద ఉన్న జన్యువుదే తుది మాట అవుతుంది. హెస్‌సీ బదులు ఆల్క్స్1ను తీసుకొని, పీమార్1ను పిండమంతటా నింపి, ఆల్క్స్1ను ఆపితే ఏమవుతుందో మీరే రాసి చూడండి. డెల్టా ఎక్కడ పనిచేస్తుంది, కంటికలు ఎక్కడ వస్తాయి అన్న రెండింటినీ విడివిడిగా రాయడం మరచిపోకండి.